జరిగింది జరిగినట్టు

సికింద్రాబాదుకు చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నన్ను అందరూ అడిగిన మొదటి మాట "మీదేవూరు?" అని. ఆటో ఎక్కినా అదే, ఆకుకూర కొన్నా అదే. మలేషియా అని చెబితే అవతలి మనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మరి తెలుగు గింత మంచిగ ఎట్ల మాట్లాడుతున్నవ్?" అనేవాడు. ఇక మా ముత్తాత కథ ఎత్తుకోవాలి. ఆయన శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె నుంచి ఓడెక్కి వెళ్లి కొబ్బరితోటల్లో కూలి చేశాడనీ, మేం నాలుగు తరాలుగా అక్కడే ఉన్నామనీ, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటామనీ, ఆదివారం బడి పెట్టుకొని రాయడం కూడా నేర్చుకున్నామనీ చెప్పాలి. కథ సగంలో ఉండగానే నేను దిగాల్సిన చోటు వచ్చేసేది. పదిమందికి చెప్పాక విసుగొచ్చింది. ఆ తర్వాత ఎవరడిగినా "శ్రీకాకుళం వైపు" అని ఊరుకోవడం మొదలుపెట్టాను. పూర్తిగా అబద్ధమేం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నా చదువేమిటో చెబితే నవ్వొస్తుంది. చరిత్రలో పరిశోధన. రెజిమెంటల్ బజార్‌లో ఒకప్పుడు పటాలాలకు బట్టలు కుట్టి, బూట్లు చేసి, సరుకులమ్మి బతికిన కుటుంబాల జ్ఞాపకాలు పోగుచేయడం నా పని. ఎవరి తాత ఎక్కణ్ణించి వచ్చాడు, ఎందుకొచ్చాడు, ఎవరి చేయి పట్టుకొని వచ్చాడు అని పొద్దస్తమానం పరాయివాళ్లను గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. నా ఊరు అడిగితే మాత్రం నాకు ఒళ్లు మండేది.

రెండో ఏడాది మధ్యలో మరమ్మతులు చేయాలని మా హాస్టల్‌ను ఖాళీ చేయించారు. నాతోపాటు ఇల్లు వెతుక్కోవాల్సిన మనిషి ఇంకొకామె ఉంది. ఇథియోపియా నుంచి వచ్చి అర్థశాస్త్రం చదువుతున్న నా స్నేహితురాలు. హాస్టల్‌లో మావి పక్కపక్క గదులు. నేను నేర్పిన నాలుగు తెలుగు ముక్కల్లో ఆమెకు "పర్వాలేదు" అంటే ప్రాణం. మెస్‌లో పప్పు అయిపోతే పర్వాలేదు, లైబ్రరీలో కరెంటు పోతే పర్వాలేదు, ఎక్కాల్సిన రైలు కళ్లముందే కదిలిపోతే పర్వాలేదు. ఇద్దరం కలిసి ఒకే గది తీసుకుందామని నాలుగు రోజులపాటు సీతాఫల్‌మండి గల్లీలన్నీ తిరిగాం. టులెట్ బోర్డు వేలాడుతున్న ప్రతి ఇంట్లోనూ, ఆమెను చూడగానే, గది అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉండేవాళ్లు.

ఐదో రోజు ఒక ఇంటికి వెళ్లాం. డాబా మీద ఒకటే గది, అందులో రెండు మంచాలు, బయట ఒక మూల నీళ్ల డ్రమ్ములు. గది చూసి కిందికి దిగాక ఇంటామె మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టింది. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. చేతిలో సగం ఒలిచిన చిక్కుడుకాయల గిన్నె ఉంది. నా స్నేహితురాలి వైపు చూడకుండా నాతో అంది:

"నీకైతే ఇస్తా బిడ్డా. గామెకియ్యం. ఫారినోళ్లకిస్తే పోలీసోళ్లకు ఫారాలు నింపియ్యాలెనంట. మా ఆయనకు గసొంటి పరేషాన్లు పడయ్."

లోపలి నుంచి ఇంటాయన గొంతు వినిపించింది. "రైల్వేల ముప్పై ఆరేండ్లు సర్వీసు చేసిన. ఒక్క మెమో లేదు. ఇప్పుడెందుకు గీ తక్లీఫ్?"

"మీదేవూరు బిడ్డా?" అని అడిగింది ఇంటామె.

నా పాస్‌పోర్టు నా భుజానికున్న సంచీలోనే ఉంది. "శ్రీకాకుళం వైపు ఆంటీ," అన్నాను.

ఏమంటోంది అని నా స్నేహితురాలు ఇంగ్లీషులో అడిగింది. ఒక్కరికే ఇస్తారట అని చెప్పాను. రెండు మంచాలనూ ఆమె అప్పుడే కళ్లారా చూసి దిగింది. కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత ఇంటామె వైపు తిరిగి నవ్వి, "పర్వాలేదు" అంది.

"అయ్యో, ఈమెకు తెలుగొస్తదా!" అని ఇంటామె సిగ్గుపడిపోయింది. సిగ్గుపడాల్సింది నేను. కానీ నాలుగు రోజులు తిరిగిన కాళ్లు, ఎట్టకేలకు తల దాచుకునే చోటు దొరికిందన్న సంబరం నన్ను సిగ్గుపడనివ్వలేదు. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్టు ఆ సాయంత్రమే సామాను తెచ్చుకున్నాను. వారం తర్వాత నా స్నేహితురాలికి మల్కాజ్‌గిరిలో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో చోటు దొరికింది.

నేను అంకుల్ అని పిలిచే ఇంటాయనకు కాగితం మీద ముద్ర కనబడితే చాలు, మనసు చల్లబడుతుంది. నా యూనివర్సిటీ గుర్తింపు కార్డును వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, జిరాక్స్ తీయించి, ట్యాగు కట్టిన ఫైల్లో పెట్టుకున్నారు. ఆధార్ అడిగితే ఊళ్లో ఉండిపోయిందన్నాను. ఆ తర్వాత ఆయన అడగడం మరిచిపోయారు, నేను గుర్తుచేయలేదు. అద్దె ఒప్పందంలో శాశ్వత చిరునామా అన్న చోట నా చేత్తో నేనే మా ముత్తాత పల్లె పేరు రాసి, శ్రీకాకుళం జిల్లా అని చేర్చాను. ఆ పల్లెను నేను ఈనాటికీ చూడలేదు.

ఆ ఇంట్లో నేను సుఖంగా బతికాను. అదే అసలు బాధ. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. పొద్దున్నే ఆంటీ కింది నుంచి "బిడ్డా, నల్లొచ్చింది!" అని కేకేస్తే నేను పుస్తకం పడేసి పైపు పట్టుకొని పరుగెత్తేదాన్ని. డ్రమ్ములు నిండేలోపు ఆమె మెట్ల మీద కూర్చొని గల్లీ కబుర్లన్నీ చెప్పేది. నేను మా ఇంటి శ్రీకాకుళం యాసలో "బేగి" అన్నా, "ఏటి" అన్నా పడీ పడీ నవ్వేది. ఇంటికెవరొచ్చినా "మా శ్రీకాకుళం పిల్ల" అని నన్ను చూపించేది. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది. ఒక నెల గడిచాక అలవాటైపోయింది.

అంకుల్ వాళ్ల నాయన రెజిమెంటల్ బజార్‌లో దర్జీ. సిపాయిల కోట్లు కుట్టేవాడట. అది తెలిసిన రోజు నేను ఎగిరి గంతేశాను. ఫోన్ రికార్డరు పెట్టి మూడు రోజులు అంకుల్‌ను కూర్చోబెట్టాను. వాళ్ల నాయన ఏ ఊరి నుంచి వచ్చాడు, మొదట ఎవరింట్లో దిగాడు, కొత్తవాడని ఎవరైనా తక్కువ చేసి చూశారా అని అడిగాను. ఆయన ఓపిగ్గా, తేదీలతో సహా చెప్పారు. ఏదైనా సరిగ్గా గుర్తులేకపోతే "ఇది నాకు పక్కా ఎరుక లేదు, రాయకు" అనేవారు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఆ మూడు రోజుల మాటల మీదే నిలబడింది.

అలా పదకొండు నెలలు గడిచాయి. వీసా గడువు ఇంకా పదిహేను రోజులుంది, థీసిస్‌లో రెండు అధ్యాయాలు మిగిలున్నాయి. గడువు పొడిగించమని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఇంతకుముందు హాస్టల్ వాళ్లే అన్నీ చూసుకున్నారు కాబట్టి నాకు పెద్ద బెంగ లేదు. మర్నాడు జవాబొచ్చింది. ఇప్పుడుంటున్న ఇంటి యజమాని ఇచ్చిన సి ఫారం జతచేయాలి, అద్దె ఒప్పందం జతచేయాలి.

సి ఫారం అంటే, తన ఇంట్లో విదేశీయులెవరైనా దిగారని ఇంటి యజమాని ప్రభుత్వానికి ఇచ్చే సమాచారం. మనిషి దిగిన మర్నాటికల్లా ఇవ్వాలి. మా ఆంటీ, అంకుల్ దృష్టిలో వాళ్లింట్లో విదేశీయులెవరూ లేరు. ఇక అద్దె ఒప్పందం ఇద్దామంటే, అందులో నా చేతిరాతతో శ్రీకాకుళం జిల్లా ఉంది. ఇల్లు మారిన సంగతి నేనూ ఎక్కడా తెలపలేదు. గడువులోగా ఇవి ఇవ్వకపోతే దేశం వదిలి వెళ్లాలి. వెళ్లి, మళ్లీ కొత్త వీసా తెచ్చుకొని వచ్చేసరికి థీసిస్ ఇవ్వాల్సిన తేదీ దాటిపోతుంది. మూడేళ్ల చదువు గంగపాలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మమ్మ అంటుండేది. మెయిలు చదివి చదివి ఆ రోజు నేను అన్నం తినలేదు.

తప్పు ఒప్పుకోవడానికి ముందు మనిషి అన్ని అడ్డదారులూ వెతుకుతాడు. నేనూ వెతికాను. రెండు రోజుల తర్వాత మల్కాజ్‌గిరిలో ఉన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. మేం మాట్లాడుకోవడం అప్పటికే బాగా తగ్గింది. క్యాంపస్‌లో ఎదురుపడితే నవ్వుకునేవాళ్లం, అంతే. మీ హాస్టల్‌లో మంచం ఏదైనా ఖాళీ ఉందా అని అడిగాను. లేదంది. ఎందుకని అడిగింది. సి ఫారం కావాలన్నాను.

"మా వార్డెన్ మొదటి రోజే ఇచ్చేసింది. పావుగంట పని," అంది. "మీ ఇంటావిడ ఇంతవరకూ ఇవ్వలేదా?"

"ఆవిడకు తెలియదు."

"ఏం తెలియదు?"

క్లాసుకు టైమైందని చెప్పి నేనే ఫోన్ పెట్టేశాను. ఆ రోజు నాకు క్లాసేమీ లేదు.

ఇంకో రెండు రోజులకు, పొద్దున నల్లా వేళ, గేటు ముందు పోలీసు బండి ఆగింది. పైపు చేతిలో పట్టుకొని నేను డాబా అంచు నుంచి చూశాను. కానిస్టేబుల్ దిగి ఆంటీని ఏదో అడుగుతున్నాడు. ఆంటీ చెయ్యెత్తి పైకి చూపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబగబా డ్రమ్ముల వెనక కూర్చుండిపోయాను. డ్రమ్ము నిండి నీళ్లు పొర్లుతున్నాయి, నా సల్వారు తడుస్తోంది. కాసేపటికి బండి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఆంటీ పైకొచ్చింది.

"పక్కింటి పిల్లగాని పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చిండు. ఏ అంతస్తని అడిగితే చెప్పిన," అంది. నన్ను చూసి, "ఏందీ, గట్ల కూసున్నవ్? జరమొచ్చిందా?" అని నుదుటి మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి చల్లగా ఉంది. అప్పుడే చెప్పేయాల్సింది. "లేదాంటీ, కళ్లు తిరిగాయి" అన్నాను. ఆమె నిమ్మకాయ నీళ్లు తెచ్చి దగ్గరుండి తాగించింది. అవి గొంతు దిగుతుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

మర్నాడు సాయంత్రం కిందికి దిగాను. గడువుకు ఇంకా తొమ్మిది రోజులు. అంకుల్ వరండాలో పేపరు చదువుతున్నారు, ఆంటీ గోంగూర తుంచుతోంది. నేను పాస్‌పోర్టు తీసి టీపాయ్ మీద పెట్టాను.

"ఇదేంది, ఎర్రగున్నది?" అంది ఆంటీ.

అంకుల్‌కు ఆ రంగు చాలు. చేత్తో ముట్టుకోలేదు. కళ్లజోడు సర్దుకొని అట్ట మీది అక్షరాలు చదివారు, నా వైపు చూశారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మలేషియా, ముత్తాత, వీసా, సి ఫారం, ఒప్పందంలో రాసిన చిరునామా. నా తెలుగు ఆ రోజు నాకే తడబడింది. ఆయన చివరిదాకా విని పేపరు మడిచారు.

"నన్నేమో మూడు దినాలు కూసోబెట్టి మా నాయిన ముచ్చట్లన్ని అడిగినవ్. యాడికెంచి వచ్చిండు, ఎట్ల బతికిండు అని. నేను ఉన్నదున్నట్టు చెప్పిన. నీ ముచ్చట ఒక్కటి చెప్పకపోతివి."

"తప్పయింది అంకుల్."

"ముప్పై ఆరేండ్లల ఒక్క మెమో తీసుకోలే. ఇప్పుడు ముసలితనంల పోలీసు టేషన్ల నా పేరు ఎక్కాలెనా? ఖాళీ చెయ్." ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు.

గోంగూర కట్ట తీసుకొని ఆంటీ కూడా లోపలికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఖాళీ చేసి ఎక్కడికి వెళ్లాలి? కొత్త ఇల్లు, కొత్త ఒప్పందం, కొత్త సి ఫారం, తొమ్మిది రోజుల్లో. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మలేషియాలో అమ్మకు ఫోన్ చేసి బాగున్నానని చెప్పాను. అబద్ధాల్లో అది ఎన్నోదో లెక్కపెట్టుకోలేదు.

మరుసటి నల్లా రోజున ఆంటీ కేక వినిపించలేదు. నేను దిగేసరికి నీళ్లు ఆగిపోయాయి, పైన నా డ్రమ్ములు ఎండిపోయి ఉన్నాయి. తిరిగి పైకి వస్తుంటే మెట్ల మలుపులో మూతలు పెట్టిన రెండు బకెట్లు కనిపించాయి. నిండుగా ఉన్నాయి. వాటిని పైకి మోసుకెళ్లి గదిలో తలుపేసుకొని ఏడ్చాను. ఆ ఇంట్లో నేను ఏడ్చింది అదొక్కసారే.

గడువుకు ఆరు రోజులుండగా అంకుల్ నన్ను కిందికి పిలిపించారు. టేబుల్ మీద ఫైలు, పంచింగ్ మిషను, ఎర్ర పెన్ను పెట్టుకొని కూర్చున్నారు. ఎదురుగా కుర్చీ ఉన్నా నన్ను కూర్చోమనలేదు. రైల్వే ఆఫీసులో ఎవరైనా తప్పు చేస్తే ముందు వాళ్ల దగ్గర ఎక్స్‌ప్లనేషన్ రాయించుకుంటారట. అది చేతికొచ్చాకే మిగతా విషయం.

"రాసియ్యి," అన్నారు. "జరిగింది జరిగినట్టు రాసియ్యి. అది చూసినంక ఏం చెయ్యాల్నో ఆలోచన చేస్త."

పైకెళ్లి పావుగంటలో ఇంగ్లీషులో రాసి తెచ్చాను. అవగాహనలో పొరపాటు వల్ల ఇంటి యజమానికి నా పౌరసత్వం తెలియలేదు అని, చాలా మర్యాదగా, ఎవరికీ దెబ్బ తగలకుండా రాశాను. థీసిస్‌లు రాసేవాళ్లకు ఈ విద్య బాగా వస్తుంది. అంకుల్ చదివి ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కింద గీత గీశారు.

"పొరపాటెవలది? మేం అనుకున్నమా, నువ్వు అనిపిచ్చినవా?"

మళ్లీ పైకెళ్లాను. రెండోసారి, నేను విదేశీయురాలినన్న సంగతి వారికి తెలియజేయలేదు, క్షమించగలరు అని రాశాను. ఆయన దాన్నీ తిరగ్గొట్టారు. "ఎందుకు తెలియజేయలే? కారణం ఏది? కారణం లేని ఎక్స్‌ప్లనేషన్ చెల్లది."

కారణం. పదకొండు నెలలుగా నేను తొక్కిపట్టి కూర్చున్నది అదే. డాబా మీద రెండు మంచాల మధ్య నేల మీద కూర్చొని మూడోసారి తెలుగులో రాశాను. ఇంగ్లీషులో అయితే మళ్లీ ఏదో ఒక మర్యాద మాట అడ్డం పడుతుందని భయమేసింది. రాయడానికి గంట పట్టింది. కాగితం ఇచ్చి గోడవారగా నిలబడ్డాను. అంకుల్ ఈసారి మనసులో చదువుకోలేదు. వంటింట్లో ఉన్న ఆంటీకి కూడా వినిపించేలా పైకి చదివారు.

"ఆ రోజు నాతోపాటు వచ్చినామె విదేశీయురాలని ఆంటీ గది ఇవ్వనన్నారు. నేనూ విదేశీయురాలినే. ఆ మాట చెబితే నాకు కూడా గది రాదని చెప్పలేదు. చూడ్డానికి నేను ఇక్కడి మనిషిలాగే ఉంటాను కాబట్టి అది సాగింది. ఆమెకు అలా సాగదు. మీరేమన్నారని ఆమె అడిగితే, ఒక్కరికే ఇస్తారట అని అబద్ధం చెప్పాను. గదిలో రెండు మంచాలున్నాయి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆంటీ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పర్వాలేదు అన్నది గదా, ఆ పిల్లనా?"

"అవునాంటీ."

"నేనంటే పోలీసోళ్లకు భయపడి కాదన్న. తప్పే, నాదీ తప్పే. కని నాకామె ఎవరో ఎరుక లేదు. నీకు దోస్తు గదా బిడ్డా. నువ్వెట్ల ఊకున్నవ్?"

వీసా పోతుందన్న భయంతో వారం రోజులుగా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆమె ఆ మాట అడిగిన క్షణంలో వీసా సంగతే మరిచిపోయాను. అంకుల్ మాత్రం కాగితానికి రెండు చిల్లులు కొట్టి ఫైల్లో ట్యాగుకు గుచ్చారు.

"ఇది ఆఫీసుకు గాదు, నా ఫైలుకు," అన్నారు. "కూసో. ఇప్పుడు ఆఫీసుకు రాద్దాం."

మరుసటి రోజు ముగ్గురం నెట్ సెంటర్‌కు వెళ్లాం. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, పెళ్లికి వెళ్తున్నట్టు. సి ఫారం నింపుతూ ఒక్కో గడిని మూడేసి సార్లు చదివించారు. ఆలస్యానికి కారణం నేను విదేశీయురాలినని యజమానికి తెలియకపోవడమని ఒక ఉత్తరం, సరైన చిరునామాతో కొత్త ఒప్పందం, రెండూ జతచేశాం. ఆ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఏదో వివరం కోసం ఫోన్ వస్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి "సార్, సార్" అంటూ మాట్లాడారు. నా ఒక్క మాట ఆ మనిషిని అలా నిలబెట్టిందని చూస్తూ కూర్చోవడం నాకు పడిన శిక్షల్లో పెద్దది.

తర్వాత నాలుగు రోజులు మెయిలు చూడటం, మళ్లీ చూడటం తప్ప నేను ఏ పనీ చేయలేదు. కానిస్టేబుల్ విచారణకు వచ్చాడు. ఈసారి నేను డ్రమ్ముల వెనక దాక్కోలేదు. ఆంటీయే గేటు తీసి, "మా ఇంట్లనే ఉంటది. మలేషియా పిల్ల," అంది. ఆ మాట గల్లీలో ముగ్గురు నలుగురు విన్నారు. ఆంటీ గొంతు ఏమాత్రం తగ్గలేదు. గడువుకు ఒక్క రోజు ముందు అనుమతి వచ్చింది.

అంకుల్‌కు ప్రింటు తీసి ఇచ్చాను. ముద్ర ఎక్కడుందని వెతికి, ఆన్‌లైన్‌లో ముద్ర ఉండదని చెబితే కొంచెం నిరాశపడి, ఫైల్లో పెట్టుకున్నారు. నేను ఎగిరి గంతేస్తానని ఆంటీ అనుకున్నట్టుంది. మెట్ల మీద కూర్చుండిపోయిన నన్ను చూసి, "ఇంకేంది? అయిపాయె గదా," అంది.

"మల్కాజ్‌గిరి దాకా వెళ్లొస్తా ఆంటీ."

ఆమెకు అర్థమైంది. "పో బిడ్డా. ఫోన్ల గాదు, ముఖం చూసి చెప్పు," అంది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు. ఏం చెప్పాలో లోలోపల రాసుకుంటూ కొట్టేసుకుంటూ కూర్చున్నాను. హాస్టల్ గేటు దగ్గర రిజిస్టరు పెట్టుకొని ఒక పెద్దామె ఉంది.

"ఏ ఊరమ్మా మీది?"

"మలేషియా."

"మరి తెలుగు గింత మంచిగొస్తదా?"

నా స్నేహితురాలు కిందికి దిగేలోపు ఆమెకు మా ముత్తాత కథ చెప్పాను. ఓడ, కొబ్బరితోటలు, ఆదివారం బడి, ఏదీ వదల్లేదు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకొని విన్నది. ఇంతకీ అంత పెద్ద కథేం కాదు, నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

నా స్నేహితురాలు చెప్పులేసుకొని గేటు బయటికి వచ్చింది. వీసా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. మంచిదంది. ఇద్దరం గోడ నీడలో నిలబడ్డాం. దారిలో రాసుకున్నవేవీ నోటికి రాలేదు.

"ఆ రోజు ఆవిడ ఒక్కరికే ఇస్తానన్లేదు," అన్నాను. "విదేశీయులకు ఇవ్వనంది. నేను నా సంగతి చెప్పలేదు."

"ఆవిడ ఏమందో నాకు అక్కడే అర్థమైంది," అంది ఆమె. "అన్ని గేట్ల దగ్గరా విన్నదే కదా. నువ్వేమంటావోనని నీ ముఖం చూశాను."

"నేను చెప్పాల్సింది."

నేను ఎదురుచూసింది ఒక్క మాట కోసం. నేనే నేర్పిన మాట, పప్పు అయిపోయినా రైలు తప్పిపోయినా ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట.

"అవును," అంది. "చెప్పాల్సింది."